నవంబరులో కొన్న పాత హిమాలయన్: ఐదు నెలలు గరాజులో, మూడు వారాలు రోడ్డు మీద

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, 2019 మోడల్ బండిని 2024 నవంబరు రెండో వారంలో మినసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ శివార్లలో ఒక వ్యక్తి దగ్గర 3,000 డాలర్లకు కొన్నాను. అమెరికాలో 2018లో ఇది విడుదలైనప్పుడు కొత్త బండి ధర 4,499 డాలర్లు. నాది 3,800 మైళ్ళే తిరిగింది కనుక బేరం న్యాయంగానే కుదిరిందని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే ఇంటికి తెచ్చిన కొద్ది రోజులకే మంచు పడింది, అది కరగడానికి రోడ్ల మీద ఇనుమును తినేసే ఉప్పు చల్లారు, ఇక ఏప్రిల్ దాకా బండి రోడ్డెక్కలేదు. మన వైపు చలికాలమంటే తెల్లవారుజామున లంబసింగి ఘాట్ ఎక్కడానికి అనువైన కాలం. ఇక్కడ అది తాళంచెవి మేకుకు తగిలించే కాలం. అందువల్ల ఈ సమీక్షలో ఎక్కువ భాగం నిలబెట్టి ఉంచిన బండి గురించే ఉంటుంది. పాత బండి సంగతులు చాలావరకు అప్పుడే తెలుస్తాయి.

ముందుగా బ్యాటరీ. అమ్మినాయన బాగానే ఉందన్నారు, సెల్ఫ్ కూడా ఒక్క నొక్కుకే అందుకుంది. ఇంటికొచ్చాక మల్టీమీటరు పెట్టి చూస్తే 12.1 వోల్టులే ఉంది; నిండా చార్జు ఉంటే 12.6కు తగ్గకూడదు. ఈ చలిలో అది చిన్న విషయం కాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో చార్జు దిగేకొద్దీ లోపలి ఆమ్లం పలచబడుతుంది, పూర్తిగా దిగిపోతే మామూలు చలికే గడ్డకట్టి డొక్క పగులుతుంది. నిండుగా ఉన్నదాన్ని మాత్రం మినసోటా జనవరి కూడా ఏమీ చేయలేదు. నా గరాజులో హీటరు లేదు. అందుకని బ్యాటరీని విప్పి ఇంట్లోకి తెచ్చి, చార్జు నిండగానే దానంతట అదే తగ్గించుకునే మెయింటెయినర్ చార్జరుకు తగిలించి ఉంచాను. మార్చి నెలాఖరున 12.7 చూపించింది.

పెట్రోలు విషయంలో ఈ రాష్ట్రంలో ఒక సౌకర్యం ఉంది. మామూలు పంపు పెట్రోలులో పది శాతం ఇథనాల్ కలుస్తుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది; కానీ పాత కార్లకూ, మోటారు సైకిళ్ళకూ, చిన్న ఇంజన్లకూ ఇథనాల్ కలపని పెట్రోలు చాలా బంకుల్లో విడిగా అమ్ముతారు. హిమాలయన్ ట్యాంకు 15 లీటర్లు పడుతుంది. లోపల గాలి మిగిలితే తేమ చేరి ఇనుము తుప్పు పడుతుంది కనుక దాన్ని మూత దాకా నింపి, పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజరు కలిపి, ఆ మందు ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు దాకా చేరేలా పది నిమిషాలు ఇంజను తిప్పి ఆపేశాను. అదే రోజు ఆయిలూ మార్చాను.

ఈ బండిలో నాకు బాగా నచ్చినది దీని డబుల్ స్టాండు. ఈ తరగతి బండ్లలో చాలావాటికి దాన్ని విడిగా కొనుక్కోవాలి, ఈ హిమాలయన్‌కు మాత్రం కంపెనీయే బిగించి ఇచ్చింది. వెనక చక్రం నేల నుంచి లేచి ఉండడం వల్ల చలికాలమంతా చెయిన్‌ను చేత్తో తిప్పుతూ ఒక్కో లింకూ తుడిచి నూనె పెట్టగలిగాను. అలా తిప్పుతున్నప్పుడే టైరు పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు కనబడ్డాయి: 4618, అంటే 2018లో 46వ వారంలో తయారైన టైరు. గీతలు కొత్తవాటిలా ఉన్నా రబ్బరు ఆరేళ్ళది, గోటితో నొక్కితే చెక్కలా గట్టిగా ఉంది. ఫిబ్రవరిలో మెకానిక్కులకు పని తక్కువ కాబట్టి రెండు టైర్లూ రెండు రోజుల్లోనే మార్పించగలిగాను. అదే మే నెలలో అయితే వారాల తరబడి వరుసలో ఉండాల్సి వచ్చేది.

అన్నిటికన్నా కష్టమైనది ఇంజను తిప్పకుండా ఉండడం. ఒక ఆదివారం సాయంత్రం బయట సున్నాకు 25 డిగ్రీల దిగువన ఉండగా, సీటు మీద కూర్చుని క్లచ్చు నొక్కితే తీగ బిగుసుకుపోయినట్టు మెల్లగా కదిలింది, నా ఊపిరి మీటరు అద్దం మీద పొరలా పట్టింది. ఆ రోజు బ్యాటరీ తెచ్చి బిగించి ఒక్క నిమిషం ఆ చప్పుడు విందామని ఎంతో అనిపించింది. అయినా తిప్పలేదు. అయిదు నిమిషాలు తిప్పి ఆపితే ఇంజను పూర్తిగా వేడెక్కదు, మండినప్పుడు పుట్టిన నీరు ఆవిరై పోకుండా ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ మిగిలిపోతుంది. బండిని ప్రేమించేవాళ్ళు దయచేసి ఆ పని చేయకండి.

ఏప్రిల్ మొదట్లో రెండు మంచి వానలు ఉప్పును కడిగేశాక బయటికి తీశాను. రెండో నొక్కుకు ఇంజను అందుకుంది. చలికాలంలో బండ్లు జారకుండా చల్లిన ఇసుక మలుపుల దగ్గర ఇంకా పోలేదు కాబట్టి మొదటి వారం నెమ్మదిగానే తిరిగాను. తర్వాత స్టిల్‌వాటర్ నుంచి టేలర్స్ ఫాల్స్ దాకా సెయింట్ క్రాయ్ నది పక్కన 95వ నంబరు రోడ్డు మీద నడిపాను. గంటకు 55 మైళ్ళ వేగంలో ఈ బండి హాయిగా, స్థిరంగా పోతుంది. 21 అంగుళాల ముందు చక్రం మంచుకు లేచిపోయిన తారు గతుకులను చేతుల దాకా రానివ్వదు. ఇంజను శక్తి 24.5 హార్స్‌పవరే, కాబట్టి రోజూ ఇంటర్‌స్టేట్ హైవే మీద గంటకు 70 మైళ్ళలో పోవాలనుకునేవారు ఇంకా పెద్ద బండి చూసుకోవడమే మంచిది. ఊరి రోడ్లకూ, నది ఒడ్డు దారులకూ, సొంతంగా పానా పట్టుకోవడం ఇష్టమున్నవారికీ ఐదింటికి నాలుగున్నర మార్కులు ఇస్తాను. నవంబరులో కొంటున్నట్లయితే టైర్ల మీది అంకెలు చదివి, బ్యాటరీకి మీటరు పెట్టి, ఆ తర్వాతే ధర మాట్లాడండి.