మేవరిక్స్ ముందా, సెయింట్స్ ముందా?

బేస్‌బాల్ నియమాలు తెలియనివారికి కూడా నచ్చే డాక్యుమెంటరీలు నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసినవాటిలో రెండున్నాయి. రెండూ పెద్ద క్లబ్బుల అండ లేని చిన్న జట్ల కథలే: ఒకటి మేవరిక్స్‌ది, ఇంకొకటి సెయింట్స్‌ది. ఒకటే చూసే తీరిక ఉంటే మాత్రం నా ఓటు 2014 నాటి ‘ద బ్యాటర్డ్ బాస్టర్డ్స్ ఆఫ్ బేస్‌బాల్’కే.

అమెరికాలో మైనర్ లీగ్ (కింది స్థాయి) జట్టుకు సాధారణంగా పైన ఒక మేజర్ లీగ్ (అత్యున్నత స్థాయి) క్లబ్బు ఉంటుంది. ఆటగాళ్లను పంపేదీ, జీతాలిచ్చేదీ, బాగా ఆడేవాణ్ణి సీజను మధ్యలో లాక్కుపోయేదీ ఆ క్లబ్బే. స్వతంత్ర జట్టుకు ఆ పోషణా లేదు, ఆ పెత్తనమూ లేదు. ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో 1973లో పుట్టిన మేవరిక్స్ అలాంటిదే. పాత జట్టు ఊరు విడిచి వెళ్లిపోతే, ‘బొనాంజా’ సీరియల్‌లో డిప్యూటీ షెరీఫ్ వేషం వేసిన బింగ్ రసెల్ ఆ ఖాళీలో సొంత జట్టు పెట్టాడు. ఎవరైనా వచ్చి ఆడి చూపించవచ్చని ప్రకటిస్తే, ఇతర క్లబ్బులు వద్దనుకున్నవారు దేశం నలుమూలల నుంచీ దిగారు. ఆయన కొడుకు, నటుడు కర్ట్ రసెల్ కూడా అందులో ఆడాడు. మేజర్ లీగుల గుట్టు పుస్తకంగా రాసి వెలివేతకు గురైన పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) జిమ్ బౌటన్‌ను చేరదీసిందీ ఈ జట్టే. నమిలే పొగాకుకు బదులుగా వచ్చిన తురుము చూయింగ్ గమ్ ‘బిగ్ లీగ్ చ్యూ’ కూడా ఇక్కడి పిచ్చర్ల కబుర్లలో పుట్టిందే.

అసలు మజా చివర్లో ఉంది. జనం మళ్లీ స్టేడియానికి రావడం చూసి, 1977 సీజను తర్వాత మైనర్ లీగుల్లోనే పైస్థాయి లీగ్ ఒకటి ఆ ఊరు తనకు కావాలంది. పరిహారంగా 26,000 డాలర్లు ఇస్తానంటే బింగ్ 206,000 అడిగాడు. మధ్యవర్తుల తీర్పు ఏమైందో చెప్పి సరదా చెడగొట్టను. లోపమూ ఉంది: దర్శకులిద్దరూ బింగ్ మనవలు కావడంతో తాతగారి మీద ఈగ వాలనివ్వరు.

2023లో వచ్చిన ‘ద సెయింట్ ఆఫ్ సెకండ్ ఛాన్సెస్’లో జట్టు కంటే మనిషే ముఖ్యం. మేజర్ లీగ్ క్లబ్బు చికాగో వైట్ సాక్స్ యజమాని బిల్ వీక్ కొడుకు మైక్, 1979 జూలై 12న రెండు ఆటల మధ్య మైదానంలో డిస్కో పాటల రికార్డులను పేల్చే కార్యక్రమం పెట్టించాడు. జనం మైదానంలోకి చొరబడ్డారు, రెండో ఆట జరగనే లేదు, ఆపైన అతన్ని పిలిచి పని ఇచ్చేవారే కరువయ్యారు. 1993లో సెయింట్ పాల్ సెయింట్స్ అనే స్వతంత్ర జట్టుతో అతను మళ్లీ నిలదొక్కుకున్నాడు. అంపైర్‌కు బంతులు మోసుకొచ్చే పంది, ఒకప్పటి మేజర్ లీగ్ తార డారిల్ స్ట్రాబెరీ పునరాగమనం, మహిళా పిచ్చర్ ఐలా బోర్డర్స్: ఇవన్నీ ఆ జట్టువే. నటులతో తీసిన పునఃచిత్రణలు నాకు అతిగా అనిపించాయి. చూపు కోల్పోతున్న కూతురితో మైక్ గడిపిన రోజుల దగ్గర మాత్రం ఏ అతీ లేదు.

పిల్లాపాపలతో కూర్చుని చూసేవారికి ఈ రెండోదే మేలు. మొదటిదానికి పేరులోనే బూతుంది. ఇంకో మాట, సెయింట్స్ ఇప్పుడు స్వతంత్ర జట్టు కాదు. 2021 నుంచి మేజర్ లీగ్ క్లబ్బు మిన్నెసోటా ట్విన్స్‌కు అనుబంధం.