యాక్టివిటీ పీరియడ్: కీబోర్డా, కంప్యూటరా, లేసా?

జూన్‌లో బడి తెరిచారంటే మా పిల్లలు చదివే మిషన్ స్కూలు గేటు దగ్గర తల్లిదండ్రులందరిదీ ఒకటే ప్రశ్న. మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రతి విద్యార్థీ శుక్రవారం చివరి రెండు పీరియడ్లకు ఏదో ఒక యాక్టివిటీ ఎంచుకోవాలి. ఒకసారి రాసి ఇచ్చాక ఏడాదంతా అదే. ఫారం మీద చాలా పేర్లే ఉన్నా, మా పాలకొల్లు, నరసాపురం వైపు అసలు పోటీ కీబోర్డు వాద్యం, కంప్యూటర్, కొక్కెం సూదితో దారం అల్లే లేసు పని మధ్యే. మా అబ్బాయి కీబోర్డులో ఉన్నాడు. ఆరో తరగతికి వచ్చిన అమ్మాయికి ఈసారి లేసు రాయించాను. "అదేమిటండీ, చదువుకున్నవాళ్లు మీరు కూడానా?" అని చాలామంది అడిగారు. వాళ్లందరికీ కలిపి ఇదే జవాబు.

ఫీజు ఎంత, టీచరు ఎవరు, స్టేజి ఎక్కిస్తారా, సర్టిఫికెట్ ఇస్తారా అని అందరూ అడుగుతారు. నేను చూసేది ఒక్కటే. శుక్రవారం నేర్చుకున్నది శనివారం నుంచి గురువారం దాకా పిల్ల చేతిలో ఉంటుందా, ఉండదా? రెండు పీరియడ్లలో హాజరు, గది మారడం, సామాను సర్దడం పోగా చేతికి చిక్కేది గంట. అందులోనూ పరీక్షల వారాలు, పండుగ సెలవులు, తుపాను హెచ్చరికకు బడి మూసే రోజులు తీసేయాలి. ఈ మాత్రానికి ఏ విద్యలోనూ చెయ్యి తిరగదు. ఇంట్లో సాధన లేకపోతే టీచరు ప్రతి శుక్రవారం మొదటి పాఠమే చెప్పాల్సి వస్తుంది.

ముందు కీబోర్డు సంగతి. మోజంతా దాని మీదే, దానికి కారణమూ ఉంది. మా గోదావరి డెల్టాలో చర్చి లేని ఊరు అరుదు, కీబోర్డు వాయించేవాళ్లు చాలిన చర్చి అంతకన్నా అరుదు. క్రిస్మస్ కార్యక్రమంలో ముందు వరుసలో కూర్చుని వాయించే పిల్లవాణ్ణి చూసి మురిసిపోని తల్లి ఉండదు. క్రైస్తవులు కాని ఇళ్ల పిల్లలకు సినిమా పాటల ఆకర్షణ ఉంది. పరీక్షలు రాయించాలనుకుంటే లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడ్లు 'ఇనీషియల్' అనే తొలి మెట్టు నుంచి ఎనిమిది వరకు ఉన్నాయి.

కానీ బడిలో ఒక్కో కీబోర్డు చుట్టూ నలుగురు నిలబడతారు. గంటలో ఒక్కొక్కరికి దక్కేది పావుగంట. ఇంట్లో సొంతది లేకపోతే ఈ తరగతి దండగ అని మొహమాటం లేకుండా చెబుతాను. కొంటే 61 మీటలు, పూర్తి సైజువి, వేలి ఒత్తిడిని బట్టి శబ్దం హెచ్చి తగ్గేది కొనండి. బొమ్మల దుకాణంలో దొరికే చిన్న మీటల వాటిమీద వేళ్ల మధ్య ఎడం తప్పుగా అలవాటవుతుంది, తర్వాత సరిదిద్దడం టీచరు ప్రాణానికి వస్తుంది.

మరో చిక్కు గురించి ఎవరూ మాట్లాడరు. మన క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) లాంటివారు కర్ణాటక బాణీలో రాసిన కీర్తనలవి. కీబోర్డులో స్థాయికి, అంటే ఒక 'స' నుంచి పై 'స' లోపు, పన్నెండు మీటలే. స్వరం నుంచి స్వరానికి జారే గమకం వాటి మీద పలకదు, పక్కనున్న చక్రం తిప్పి కొంత సర్దుకోవాలి. పాశ్చాత్య నొటేషన్‌లో ఇంగ్లీషు బాలగీతాలు మాత్రమే నేర్చిన పిల్లవాడు ఆదివారం నాడు పెద్దలు ఎత్తుకున్న కీర్తనకు శ్రుతి వెతుక్కుంటూ ఉండిపోతాడు. కాబట్టి చేర్చేముందు ఆ టీచరు స్వరాలతో కూడా చెబుతారా అని కనుక్కోండి. మా అబ్బాయికి రెండూ చెబుతున్నారు, ఇంట్లో కీబోర్డు ఉంది, అందుకే అక్కడ ఉంచాను.

సంగీతం మీద ఇష్టం ఉండి, వాద్యం కొనే వీలు లేకపోతే గాన బృందంలో చేర్చండి. గొంతు పిల్లతోపాటే ఇంటికి వస్తుంది. అందులో భక్తి పాటలే ఎక్కువ. వేరే మతం వాళ్లు ఆ సంగతి తెలిసి చేర్చితే తర్వాత మాటలు రావు.

కంప్యూటర్ వైపు నాన్నలు మొగ్గుతారు. చిన్న తరగతులకు స్క్రాచ్ నేర్పుతారు. అమెరికాలోని ఎంఐటీలో తయారై 2007లో అందరికీ విడుదలైన ఉచిత ప్రోగ్రాం అది. ఎనిమిది నుంచి పదహారేళ్ల వాళ్ల కోసం. రంగురంగుల దిమ్మెలను ఒకదాని కింద ఒకటి తగిలిస్తే తెర మీద పిల్లి నడుస్తుంది. టైపింగ్ రాకపోయినా 'ఇలా అయితే అలా', 'పదిసార్లు మళ్లీ చెయ్యి' అనే ఆలోచన వంటబడుతుంది. మంచి చదువే, కాదనను. ఇంట్లో ల్యాప్‌టాప్ గానీ పెద్ద ట్యాబ్ గానీ ఉంటే నిరభ్యంతరంగా రాయించండి. ఉన్నది అమ్మ ఫోను ఒక్కటే అయితే మాత్రం ఆలోచించాలి. ఆ చిన్న తెర మీద దిమ్మెలు జరపడం పెద్దవాళ్లకే విసుగు. పైగా "క్లాసు పని" అంటూ తీసుకున్న ఫోను ఎటు పోతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ల్యాబ్‌లో ఒక్కో మెషీన్‌కు ఎంతమంది అన్నదీ అడగండి. ముగ్గురుంటే ఒకరు మౌస్ పట్టుకుంటారు, ఇద్దరు చూస్తారు. ఆ చూసేవాళ్లలో ఆడపిల్లలు ఎక్కువగా ఉండటం నాకు ఒళ్లుమంట.

ఇక లేసు. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అభ్యంతరాలన్నీ దీని మీదే. ఈ పని మన ఊళ్లకు పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. తరవాత మతం, కులం దాటి నరసాపురం చుట్టుపక్కల ఇంటింటి చేతిపని అయింది. 2024లో నరసాపురం లేసుకు, ఆ పేరు ఈ ప్రాంతపు సరుకుకే చెల్లుతుందనే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా దక్కింది. అయినా ఫారంలో ఆ పేరు చూడగానే తల్లుల ముఖం చిన్నబోతుంది. "మా అమ్మ కళ్లు పోగొట్టుకున్నది ఈ పనితోనే, నా కూతురికీ అదేనా?" అని ఒకావిడ అడిగింది. తప్పు పట్టలేను. ఏజెంటు ఇచ్చిన దారం అల్లి, ఇంటి పనంతా అయ్యాక రాత్రి దీపం కింద వంగి కూర్చున్నవాళ్లకు ముట్టిన కూలి ఎంత తక్కువో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. లేసు ఎగుమతై దూరదేశాల బల్లల మీద పరుచుకుంది, దాన్ని అల్లిన చేతులకు దక్కింది చిల్లర.

కానీ కూలికి అల్లడం వేరు, బడిలో నేర్చుకోవడం వేరు. కూలి పనిలో గొలుసు ఒకరు, పువ్వు ఒకరు, అతుకు ఒకరు చేస్తారు, మొత్తం రూపం ఎవరి చేతిలోనూ ఉండదు. బడిలో పిల్ల మొదటి గొలుసు నుంచి చివరి ముడి దాకా తానే అల్లుతుంది, నమూనా తానే గీస్తుంది. గుండ్రటి అల్లిక చదునుగా రావాలంటే సాదా కుట్టులో వరుసకు ఆరు కుట్లు చొప్పున పెంచుకుంటూ పోవాలి. తగ్గితే గిన్నెలా ముడుచుకుంటుంది, మించితే అంచు కుచ్చులు తేలుతుంది. ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు. ఎక్కం అప్పజెప్పమంటే నసిగే మా అమ్మాయి ఇక్కడ తప్పిన కుట్టును తానే పట్టుకుని, దారం లాగి విప్పి, మళ్లీ అల్లుతోంది. కంప్యూటర్ గదిలో చెప్పే 'మళ్లీ చెయ్యి' ఇక్కడా ఉంది, కరెంటుతో పని లేదు.

పైగా, నేను మొదట చెప్పిన లెక్క ఇక్కడే నెగ్గుతుంది. ఒక సూది, ఒక దారపు ఉండ బడి సంచిలో పడతాయి. బస్సు కోసం నిలబడ్డప్పుడూ చేయి ఆడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మన ఇళ్లలో టీచరు ముందే ఉన్నారు. కీబోర్డులో సందేహం వస్తే నేను తెల్లముఖం వేస్తాను. లేసులో వస్తే మా అత్తగారు ఉన్నారు. ఆవిడకు నమూనా కాగితం చదవడం రాదు, మనవరాలికి చేతి వేగం లేదు. ఒకరు చదువుతారు, ఒకరు చేసి చూపిస్తారు, ఇద్దరూ వాదించుకుంటారు.

కళ్ల భయం నిజమే, దానికి జాగ్రత్తలున్నాయి. సన్నదారం, సన్నసూదితో మొదలుపెట్టించకండి. లావు దారం, నాలుగు మిల్లీమీటర్ల సూది ఇప్పించమని టీచరును అడగండి. పగటి వెలుతురులో అరగంట చాలు. అల్లినదాన్ని అమ్మే మాట తలపెట్టవద్దు, తలపెడితే అది మళ్లీ పాత చేతిపనే అవుతుంది.

మిగతావి క్లుప్తంగా. పూసల చట్రంతో లెక్కలు నేర్పే అబాకస్‌ను ఐదో తరగతి దాటాక మొదలుపెట్టడం వృథా అనిపిస్తుంది, చిన్నపిల్లలకైతే సరే. చదరంగానికి బల్ల చవక, ఇంట్లో ఆడేవాళ్లుంటే బాగుంటుంది, లేకపోతే నా ప్రశ్నకు అదీ ఫెయిలే. హిందీ ప్రచార సభ ప్రాథమిక, మధ్యమ పరీక్షలు బడి బయట కూడా రాయించవచ్చు, దానికి శుక్రవారం ఖర్చు చేయడమెందుకు? కరాటేలో చేరినవాళ్లు బెల్టు రంగు గురించి తప్ప మరేమీ చెప్పగా నేను వినలేదు. కాలువల మధ్య ఉన్న మన ఊళ్లలో ఈత నేర్పాలి నిజానికి, కానీ అది ఫారంలో లేదు.

మూడు, నాలుగు తరగతుల వాళ్లకు నా ఓటు లేసుకో గాన బృందానికో. ఇంట్లో మంచి కీబోర్డు, ఓపికగల టీచరు రెండూ ఉంటే కీబోర్డుకే. ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లకు కంప్యూటర్ అక్కరకొస్తుంది, అప్పటికి మెషీను ముందు తమ వంతు అడిగి తీసుకునే ధైర్యం వస్తుంది కూడా.

మగపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. లేసు తరగతిలో అబ్బాయిలు కూర్చోకూడదని ఫారంలో ఎక్కడా రాసిలేదు. కానీ ఖాళీ వదిలేసిన అబ్బాయి పేరు ఆఫీసులో కంప్యూటర్‌కో కరాటేకో వేసేస్తున్నారు. కావాలనుకుంటే లేసు అని మీ చేత్తో రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వండి.