మారేడుమిల్లిలో పదిహేను వందల రూపాయల పెద్దనల్లంచి

మారేడుమిల్లి వెళ్లేవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను. "షామా పిట్టని చూపిస్తాం" అని ఎవరైనా డబ్బు అడిగితే, ఆ పిట్ట రెక్క మీద తెల్ల పట్టీ ఉందో లేదో చూశాకే జేబులో చెయ్యి పెట్టండి. షామా అంటే పాటకి పేరుపడ్డ అడవి పిట్ట. పట్టీ ఉంటే అది షామా కాదు. మా దగ్గర 1,500 పుచ్చుకున్నాయన చూపించింది రాజమండ్రిలో మా పెరటి మునగచెట్టు మీద రోజూ కూసే పెద్దనల్లంచినే.

ఉగాదికి సెలవులు కలిసొచ్చాయని బయల్దేరాం. నేను, మా ఆవిడ, మా బామ్మర్ది, ఇంటర్ పరీక్షలు అయిపోయిన మా అమ్మాయి. కారు అద్దె రోజుకి 2,800, డీజిల్ మనదే. గోకవరం, రంపచోడవరం మీదుగా ప్రయాణం హాయిగా సాగింది. జలతరంగిణి కూడా చూశాం. మార్చి కదా, నీళ్లు సన్నగా జారుతున్నాయి. జలపాతాలే కావాలంటే వానలు పడ్డాక వెళ్లండి.

ఇక బస సంగతి. ఊరు దాటాక ఉన్న ఒక రిసార్టులో "ఫారెస్ట్ వ్యూ" కాటేజీ తీసుకున్నాం. రాత్రికి 4,200, టిఫిన్ కలిపి. పక్షులు చూపించే ప్యాకేజీకి ఇంకో 1,500. మొత్తం ఫోన్‌పేలో ముందే కట్టించుకున్నారు. కిటికీ తీస్తే ఎదురుగా జనరేటర్ షెడ్డు, దాని వెనకాల ఎక్కడో అడవి. గీజరు పనిచెయ్యదు. వేడినీళ్లు బకెట్టుకి 30. రాత్రి పక్క కాటేజీల కుర్రాళ్లు పెద్ద స్పీకర్లు పెట్టి పన్నెండు దాకా పాటలు వాయించారు. మేనేజరు దగ్గరికి వెళ్తే "వీకెండ్ కదండీ, మనమే సర్దుకోవాలి" అన్నాడు. మనమేట! అడవిలో ఆ మోతకి అనుమతి ఎవరిచ్చారో అడిగితే సమాధానం లేదు. పొద్దున టిఫిన్‌కి మనిషికి రెండు ఇడ్లీలు, మూడోది కావాలంటే విడిగా డబ్బులు. మా బామ్మర్దికి కోపం అక్కడ మొదలైంది. నాకు అప్పటికే వచ్చేసింది.

అయిదున్నరకి వస్తానన్న గైడు ఏడుంపావుకి వచ్చాడు. పిట్టలు చూడాలంటే తెల్లవారిన మొదటి గంటే గంట. అది కాస్తా పోయింది. సరే పదమంటే, కాటేజీల వెనక మామిడిచెట్టు దగ్గరికి తీసుకెళ్లి, సంచిలోంచి బ్లూటూత్ స్పీకరు తీసి, ఫోన్లో ఏదో పిట్ట పాట పెట్టాడు. రెండు నిమిషాల్లో కరెంటు తీగ మీద ఒక పిట్ట వచ్చి వాలింది.

"అదిగో సార్, షామా!"

బాగా దగ్గర్లో కూర్చుంది కాబట్టి మేం తీరిగ్గా చూశాం. తల, మెడ, రొమ్ము నిగనిగలాడే నలుపు. రొమ్ము కింద గీత గీసినట్టు నలుపు ఆగిపోయి, పొట్టంతా తెలుపు. భుజం దగ్గర్నుంచి రెక్క పొడుగునా తెల్ల పట్టీ. కూతకొక్కసారి తోక పైకెత్తుతోంది, ఎత్తినప్పుడల్లా అంచుల్లో తెల్ల ఈకలు కనబడుతున్నాయి.

"నాన్నా, ఇది మన పెరట్లోదే కదా" అంది మా అమ్మాయి.

"అడవిలో రంగు మారిపోద్దమ్మా" అన్నాడు గైడు, ఏ మాత్రం తడుముకోకుండా.

మా ఆవిడ పక్కకి తిరిగి నవ్వుకుంది. బామ్మర్ది మాత్రం "బావా, పదిహేను వందలకి ఎన్ని ఇడ్లీలొస్తాయో లెక్కెయ్యి" అన్నాడు.

పెద్దనల్లంచి తక్కువ పిట్టని కాదు నా బాధ. బంగ్లాదేశ్ వాళ్లకి అది జాతీయ పక్షి. అక్కడ దోయెల్ అంటారు. మార్చి నుంచి జులై దాకా పొద్దున్నే ఏ చెట్టు చిటారు కొమ్మ మీదో కూర్చుని అది పాడే పాటకి డబ్బులు పెట్టొచ్చు. పేరు మార్చి అమ్మడమే తప్పు. అంతకంటే పెద్ద తప్పు ఆ స్పీకరు. అది గూళ్లు కట్టే కాలం. తన జాగాలోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని, పాపం ఆ పిట్ట మేత మానేసి స్పీకరు చుట్టూ తిరిగింది. ఆపమన్నాను. "పిట్ట రాకపోతే మీరే తిడతారు కద్సార్" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. డబ్బులిచ్చి పిట్ట వెంటనే రావాలనేవాళ్లు ఉన్నన్నాళ్లూ సంచుల్లో స్పీకర్లు ఉంటాయి.

మీరు మోసపోకుండా తేడాలు చెబుతాను. షామాని మనవాళ్లు పొదనల్లంచి, తోకనల్లంచి అంటారు. మగదానికి పొట్ట ఇటుక రంగు, రెక్కల్లో తెలుపు అసలుండదు. ఒంటికి మించిన పొడుగు తోక, ఆ తోక మొదట్లో నడుం మీద తెల్లని మచ్చ. ఎగిరిపోతుంటే ముందు కంటికి ఆనేది ఆ తెలుపే. ఆడది కాస్త వెలిసినట్టుంటుంది, తోకా పొట్టి. వెదురు పొదలు, వాగు ఒడ్డు నీడలు దాని జాగా. తీగ మీద ఎండలో కూర్చుని పోజులివ్వదు. పెద్దనల్లంచిలో ఆడదానికి నలుపు ఉండాల్సిన చోట బూడిద రంగు, అంతే తేడా. ఇక మామూలు నల్లంచి ఇంకా చిన్నది. మన దక్షిణాదిలో మగది ఒళ్లంతా నలుపే, భుజం మీద చిన్న తెల్ల మచ్చ. ఆడది మట్టి రంగు, రెక్కలో తెలుపుండదు. తోక కింద మాత్రం రెండింటికీ ఇటుక రంగే. ఆ తోక కింద తెలుపు కనిపిస్తే మీరు చూస్తున్నది నల్లంచి కాదు, బుష్‌చాట్ అనే ఇంకో నల్లపిట్ట. పొలాల్లో కర్రల మీద, తీగల మీద కూర్చునే ఆ పిట్టతో చాలామంది పొరబడతారు.

నల్లంచుల్ని ఇంగ్లీషులో రాబిన్ అంటారు కదా, మా మరదలు న్యూజెర్సీ నుంచి వాట్సాప్‌లో ఎర్ర రొమ్ము పిట్ట ఫొటో పెట్టి "ఇదీ రాబిన్ అంటే" అంది. అది వీటి కుటుంబం కాదు, థ్రష్ అనే వేరే పిట్టల కుటుంబం. యూరప్ నుంచి వెళ్లినవాళ్లు రొమ్ము రంగు చూసి తమ ఊరి పిట్ట పేరే పెట్టేశారు.

ఆ పూటే రిసార్టు ఖాళీ చేసి ఊళ్లో మామూలు లాడ్జిలో దిగాం. గదికి 1,100. ఏసీ లేదు, దుప్పట్లు ఉతికినవి, నీళ్లు ధారాళం. వెనక రాళ్లగోడ మీద నల్లంచి జంట. మగది నాలుగడుగులు గెంతుతుంది, ఆగుతుంది, తోకని వీపు మీదికి వంచేస్తుంది, అప్పుడు ఆ ఇటుక రంగు భళ్లున బయటపడుతుంది. ఆడది ముక్కున వెంట్రుకల ముద్ద పట్టుకుని గోడ సందులోకి దూరింది. గూట్లో పరుపుకి వెంట్రుకలే కాదు, పాము కుబుసం ముక్కలు కూడా తెచ్చుకుంటాయివి. టీ తాగుతూ అరగంట చూశాం.

రాత్రికి రోడ్డు పక్క బొంగులో చికెన్. కిలో 600. పచ్చి వెదురు పైన నల్లగా మాడి పగుళ్లిచ్చింది. మూతికి కుక్కిన ఆకులు లాగితే ఆవిరితో పాటు వెదురు వాసన. నూనె చుక్క వెయ్యరు. బామ్మర్ది అప్పుడు గానీ నవ్వలేదు. కాల్చే పెద్దాయనే షామా సంగతి మాటల్లో చెప్పాడు: "తెల్లారకముందే వాగు దిగి కూకోండి బాబు, మాటాడకండి. అదే వస్తాది."

మర్నాడు అలాగే కూర్చున్నాం. ముందు పాట, ఎక్కడినుంచో తెలీదు, మధ్యలో ఇంకెవరి కూతలో అనుకరిస్తోంది. షామాకి ఆ విద్య ఉంది. చీకట్లో లేపినందుకు మొహం ముడుచుకున్న మా ఆవిడే ముందు చూసింది. మోచేత్తో పొడిచి చూపించింది. వెదురు మొదట్లో, నేలకి జానెడెత్తున ఇటుక రంగు పొట్ట. ఒక్కసారి తోక జాడించి తిరిగింది. నడుం మీద తెలుపు, పొద లోపలికి. అర నిమిషం కూడా లేదు. దాని పాట కోసమే దాన్ని పట్టి పంజరాల్లో పెట్టేవాళ్లున్నారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ఎవరైనా అమ్మజూపితే ఫారెస్టు వాళ్లకి చెప్పండి.

వచ్చేటప్పుడు రిసార్టులో ఆగి 1,500 వెనక్కి అడిగాను. గైడు బయటివాడట, వాళ్లకి సంబంధం లేదట. గట్టిగా మాట్లాడితే వచ్చేసారికి 500 తగ్గింపు అని చీటీ రాసిచ్చారు. డిసెంబరు దాకా చెల్లుతుంది, శని ఆదివారాలు, పండగలు తప్ప. కావాల్సినవాళ్లుంటే చెప్పండి, ఇచ్చేస్తాను.