డెవిల్ మే క్రై: అన్ని భాగాలూ తిరగేసి ఆడాక నా లెక్క

డెవిల్ మే క్రై అనే వీడియో గేమ్ సిరీస్ అభిమానులు ఇద్దరు కలిస్తే మాట తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తుంది: మూడు గొప్పదా, ఐదు గొప్పదా? మధ్యలో ఎవరో ఒకరు నాలుగో భాగాన్ని వెనకేసుకొస్తారు. రెండో భాగం ఊసు ఎవరూ ఎత్తరు. ఎవరు వాదించినా హీరో డాంటే దగ్గర ఎన్ని ఆయుధాలున్నాయి, ఎన్ని స్టైల్స్ (పోరాడే పద్ధతులు) ఉన్నాయి, కాంబో (ఆగకుండా కొట్టే దెబ్బల వరస) ఎంత పొడుగు లాగొచ్చు అన్న లెక్కలే తీస్తారు. ఈ ఆటలన్నీ ఏళ్ల తరబడి తిప్పి తిప్పి ఆడాక నేను డాంటే ముందు ఎవరు నిలబడ్డారో చూడటం మొదలుపెట్టాను. కథ కంఠతా వచ్చేసి, కట్‌సీన్లన్నీ స్కిప్ కొట్టే దశకు చేరాక ఇక మనల్ని కూర్చోబెట్టేది శత్రువే.

ఆ లెక్కన చూస్తే 2001లో వచ్చిన మొదటి భాగానికి ఇప్పటికీ ఇవ్వాల్సినంత మర్యాద ఇవ్వడం లేదనిపిస్తుంది. దర్శకుడు హిదెకి కమియా దీన్ని రెసిడెంట్ ఈవిల్ అనే భయానక ఆటల వరసలో నాలుగో భాగంగా మొదలుపెట్టాడు. దారి మరీ మారిపోవడంతో అదే వేరే ఆటగా బయటికొచ్చింది. ఆ పాత వాసన మాలెట్ ద్వీపం కోటలో అడుగడుగునా తగులుతుంది: కదలని కెమెరాలు, తాళాలేసిన తలుపులు, ఎక్కడో దొరికే తాళంచెవులు. శత్రువును గాల్లోకి లేపి తూటాలతో అక్కడే నిలబెట్టడం ఈ సిరీస్‌కే గుర్తుగా మారింది కదా, దాని పుట్టుక ఒనిముషా అనే ఇంకో ఆట తయారీలో దొర్లిన ఒక బగ్. కమియా దాన్ని చూసి ముచ్చటపడ్డాడు.

ఇందులో షాడో అనే నల్లపులి ఉంటుంది. కత్తి పట్టుకుని మీదికెళ్తే మన పప్పులుడకవు. ముందు తుపాకీతో కొట్టి కొట్టి దాని రూపం చెదరగొట్టాలి, లోపలి గోళం బయటపడ్డాక అప్పుడు కత్తికి పని. కత్తెరలు పట్టుకుని గోడల్లోంచి దూరి వచ్చే దెయ్యాలది ఇంకో తరహా. కత్తెర మనమీద పడే క్షణంలోనే కత్తితో కొడితే అది తూలిపోతుంది, అప్పుడు మొహానికి షాట్‌గన్ ఆనించి పేల్చితే ఒక్క దెబ్బకే ముగుస్తుంది. ఏ శత్రువుకు ఆ మందు. కాంబోల పరంగా ఈ ఆట బీదదే, నీళ్లలో ఈదే భాగం ఇప్పుడు ఆడాలంటే నీరసమొస్తుంది. అయినా మళ్లీ పెట్టిన ప్రతిసారీ చేతులు జాగ్రత్తపడతాయి.

రెండో భాగం 2003. దూరంగా నిలబడి తుపాకీ బటన్ నొక్కుతూ కూర్చుంటే సగం బాస్‌లు (పెద్ద శత్రువులు) వాళ్లంతట వాళ్లే పోతారు. అంతకంటే రాయడానికి నాకేమీ లేదు. చివరి దశలో పగ్గాలందుకున్న హిదెయాకి ఇట్సునో ఆ మచ్చ చెరిపేసుకోవాలన్న పట్టుదలతోనే మూడో భాగం తీశాడని అభిమానులు చెప్పుకుంటారు. ఆట చూస్తే నమ్మాలనిపిస్తుంది.

2005లో వచ్చిన ఆ మూడో భాగం అమెరికా వెర్షన్‌లో జపాన్‌లోని హార్డ్ మోడ్‌నే నార్మల్‌గా పెట్టారు. పాపం, మామూలు ఆటగాళ్లకు మూడో మిషన్‌లోనే సెర్బెరస్ అనే బాస్ చుక్కలు చూపించింది. 2006 స్పెషల్ ఎడిషన్‌లో దాన్ని సరిచేసి, ఆడుకోవడానికి డాంటే కవల సోదరుడు వర్జిల్‌ను కూడా ఇచ్చారు. కష్టం సంగతి పక్కనపెడితే, ఈ ఆటలోని శత్రువులు మనల్ని ఒకే పద్ధతికి అలవాటు పడనివ్వరు. బ్లడ్‌గాయిల్ అనే శత్రువును కత్తితో కొడితే చీలి రెండవుతుంది, తుపాకీతో కొడితే రాయవుతుంది. డల్లహాన్ అనే ఇంకో శత్రువు డాలుకు ఎదురెళ్తే వృథా, చుట్టూ తిరిగి వీపు అందుకోవాలి.

ఇక ఏడో మిషన్ చివర, గోపురం పైన, వర్జిల్‌తో మొదటి పోరు. సిరీస్ మొత్తంలో నేను ఎక్కువసార్లు తిరిగి వెళ్లింది అక్కడికే. దూరం నుంచి కాల్చుదామంటే తన కత్తి యమాటోను గిరగిరా తిప్పి తూటాలు ఆపేస్తాడు. దగ్గరికెళ్దామంటే మాయమై ఇంకోచోట తేలతాడు. కాస్త ఊపిరి తీసుకుందామని వెనక్కి తగ్గితే మనమున్న చోటే గాలి చీలుతుంది. ట్రిక్‌స్టర్ స్టైల్‌తో తప్పించుకుంటూ ఆడితే ఇది ఒక రకం ఆట, దెబ్బలు కాచుకునే రాయల్‌గార్డ్ స్టైల్‌తో ఆడితే పూర్తిగా వేరు. అతని వరస కోతల్లో ప్రతి కోతా తగిలే క్షణంలోనే గార్డ్ బటన్ పడాలి. సరిగ్గా పడితే ఒక్క చుక్క ప్రాణం పోదు, పైగా ఆ దెబ్బల బలమంతా గేజ్‌లో (తెరపై కొలపట్టీలో) జమవుతుంది. నిండాక ఒక్క రిలీజ్‌తో మొత్తం అతనికే తిప్పికొట్టొచ్చు. అర సెకను ముందు నొక్కితే గార్డ్ నిలుస్తుంది గానీ ఆ హాయి ఉండదు. ఆలస్యమైతే సరాసరి కోతే. అవతలివాడి లయ చెవికెక్కాక ఇది పోరులా కాక జుగల్‌బందీలా సాగుతుంది.

మూడో భాగం లోపం అందరికీ తెలిసిందే. స్టైల్ మార్చాలంటే మిషన్ మొదలయ్యేముందో, మధ్యలో విగ్రహం దగ్గరో మార్చాలి. ఒకసారికి వెంట ఉంచుకునే ఆయుధాలు కూడా దగ్గరి పోరువి రెండు, తుపాకులు రెండే. 2020లో నింటెండో స్విచ్‌కు వచ్చిన వెర్షన్ ఈ కట్లన్నీ తెంచేసింది. అది ఆడినవాళ్లు పాత వెర్షన్‌కు తిరిగి రావడం కష్టం.

నాలుగో భాగం (2008) మీద నాకు ప్రేమా ఉంది, కోపమూ ఉంది. ఇందులోని కొత్త హీరో నీరో కత్తి రెడ్ క్వీన్‌కు బైక్ లాంటి యాక్సిలరేటర్ ఉంటుంది. కోత పడే క్షణంలోనే దాన్ని నొక్కితే తర్వాతి దెబ్బకు మంట తోడవుతుంది. ఈ చిన్న అలవాటు వేళ్లకు పట్టేసరికి చాలా రోజులు పడుతుంది, పట్టాక వదలదు. డాంటే అయితే నాలుగు స్టైల్స్‌నూ పోరు మధ్యలోనే మార్చేస్తాడు. హీరోల పరంగా ఇంత లోతు అప్పటికి ఎవరూ ఇవ్వలేదు. కానీ వాళ్ల ముందుకు తోసిందేమిటి? డాంటే వంతు రాగానే నీరో నడిచిన దారినే వెనక్కి నడవాలి. బెరియల్, ఎకిడ్నా లాంటి బాస్‌లు మూడేసిసార్లు తగులుతారు. మెఫిస్టో అనే శత్రువుల ముసుగును నీరో చేత్తో ఇట్టే లాగేస్తాడు, అవే డాంటేకు ఎదురైతే విసుగు. పెళ్లికొడుకును ముస్తాబు చేసి పెళ్లి ఇంట్లో వంట మరిచిపోయినట్టుంది వ్యవహారం. 2015 స్పెషల్ ఎడిషన్ ముగ్గురు కొత్తవాళ్లను ఇచ్చింది గానీ దారి మాత్రం అదే.

2013లో నింజా థియరీ అనే స్టూడియో కథను కొత్తగా మొదలుపెట్టి చేసిన డీఎంసీని డాంటే జుట్టు రంగు చూసి తిట్టినవాళ్లే ఎక్కువ. నా కోపం వేరే రంగు మీద. ఎర్ర శత్రువుకు ఎర్ర ఆయుధమే, నీలి శత్రువుకు నీలి ఆయుధమే అన్నప్పుడు ఇక నా ఇష్టానికి చోటెక్కడ? అయితే ఏ మాటకామాట, లింబో నగరం మన కళ్ల ముందే విరిగి మెలికలు తిరిగే లెవెల్స్‌కు ఈ సిరీస్‌లో సాటి లేదు. ఆడేవాళ్లు 2015 డెఫినిటివ్ ఎడిషన్ ఆడండి. అందులో సెకనుకు 60 ఫ్రేములు వచ్చాయి, ఒకే శత్రువు మీద గురి నిలిపే లాక్‌ఆన్ కూడా వచ్చింది.

ఇక 2019 నాటి ఐదు. కంట్రోలర్ చేతిలో పడగానే ఇంత సుఖంగా ఉండే ఆట ఇంకోటి లేదు. మన పోరుకు ఆట ఇచ్చే ర్యాంక్ ఎస్‌కు చేరగానే పాట పల్లవి అందుకోవడం ఉంది చూడండి, ఆ పల్లవి ఆగిపోకూడదన్న టెన్షన్‌తోనే మనం బాగా ఆడతాం. తర్వాత వచ్చిన వర్జిల్ డీఎల్‌సీలో (అదనపు భాగంలో) కాన్సంట్రేషన్ గేజ్ ఇంకా గడుసుది. తొందరపడి పరుగెత్తినా, కత్తి గాల్లో ఊపినా తగ్గిపోతుంది. నింపాదిగా నడుస్తూ, సమయానికి తప్పుకుంటే పెరుగుతుంది. పాత్ర స్వభావాన్ని బటన్లలోకి దించడమంటే ఇదీ.

మరి నా వరసలో దీన్ని మూడో భాగం కంటే కిందికి ఎందుకు దించాను? మొదటిసారి ఆడేటప్పుడు శత్రువుల్లో చాలామంది దెబ్బలు తినడానికే పుట్టినట్టుంటారు. చచ్చిపోయినా ఎర్ర ఆర్బ్‌లు (ఆటలోని డబ్బు) చెల్లించి అక్కడే లేచి నిలబడొచ్చు. కళ్లకు అందని వేగంతో దూసుకొచ్చే ఫ్యూరీ అనే శత్రువు ఒక్కటే మనల్ని నిటారుగా కూర్చోబెడుతుంది. దాని దెబ్బకు మన దెబ్బ సరిగ్గా తగిలిస్తేనే దారికొస్తుంది. అలాంటివి ఇంకో నాలుగు ఉండి ఉంటే ఈ వాదనే ఉండేది కాదు. ఆట ఒకసారి పూర్తయ్యాక సన్ ఆఫ్ స్పార్డా అనే కష్టమైన మోడ్ తెరుచుకుంటుంది, అసలు ఐదో భాగం నాకు అక్కడే మొదలైంది. ఇందులోని వీ అనే పాత్ర సంగతి అంటారా, పక్షినీ పులినీ పోరుకు తోలి తాను వెనక నిలబడే ఆ పద్ధతి నాకు రుచించలేదు. నచ్చినవాళ్లతో గొడవ లేదు.

నా వరస: మూడు, ఐదు, ఒకటి, నాలుగు, డీఎంసీ, ఆఖర్న రెండు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఐదుతోనే మొదలుపెట్టండి. చెయ్యి కుదురుకున్నాక మూడుకు వెళ్లండి. స్విచ్ ఉంటే స్విచ్‌లో, లేకపోతే 2018లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్, పీసీలకు వచ్చిన హెచ్‌డీ కలెక్షన్‌లో. ఆ కలెక్షన్‌లో రెండో భాగం కూడా ఉంటుంది, దాన్ని తెరవక్కర్లేదు.