మూడేళ్లుగా బ్లూయీ: ఏడు నిమిషాల బొమ్మలు, గంటసేపు నా పని

అన్నం తినేంతసేపు పిల్ల ఒకచోట కూర్చుంటే చాలని మా పాపకు మూడేళ్లప్పుడు 'బ్లూయీ' పెట్టాం. ఇప్పుడు ఒకటో తరగతి. కూర్చోవడం మాత్రం జరగలేదు. ఎపిసోడ్ ఏడు నిమిషాలే. అయ్యీ కాకముందే "డాడీ, మనం కూడా ఆడదాం!" అని లేచి నిలబడుతుంది. పిల్లను టీవీకి అప్పజెప్పి వంట చేసుకుందామనుకునేవాళ్లు దీని జోలికి రాకండి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరం, అక్కడో కుక్కల కుటుంబం. ఆరేళ్ల బ్లూయీ, నాలుగేళ్ల చెల్లెలు బింగో, నాన్న బ్యాండిట్, అమ్మ చిల్లీ. సృష్టికర్త జో బ్రమ్. 2018 అక్టోబరులో అక్కడి ఏబీసీ కిడ్స్ అనే పిల్లల చానల్‌లో మొదలైంది. రంగుల పేర్లు, అంకెలు నేర్పే గోల లేదు. ఆటలే కథ. పిల్లల గొంతులు ఆ సిరీస్‌కు పనిచేసేవాళ్ల పిల్లలవేనట, పేర్లు కూడా వేయరు. అందుకే కాబోలు, పిల్లలు పిల్లల్లాగే మాట్లాడతారు.

బెలూన్ నేలను తాకకుండా ఆడే ఎపిసోడ్ ఒకటుంది. వాళ్లది పెద్ద ఇల్లు, వెనక పెరడు. మాది మియాపూర్‌లో మూడో అంతస్తు, పైన ఫ్యాను. నాలుగు బెలూన్లు ఫ్యానుకు తగిలి ఢామ్మన్నాక కింది ఫ్లాటాయన పైకొచ్చాడు.

పాపకు బాగా పట్టింది సంత ఎపిసోడ్. పన్ను ఊడినందుకు అక్కడి ఆనవాయితీగా వచ్చిన ఐదు డాలర్లతో బ్లూయీ సంతకు వెళ్లి, ఏం కొనాలో తేల్చుకోలేక తిరుగుతుంది. మా పాపా ఇరవై రూపాయల నోటు పట్టుకుని రైతు బజారుకు బయల్దేరింది. ఆకుకూరలమ్మను "ఎన్ని డాలర్‌బక్స్?" అని అడిగింది (డబ్బుకు ఆ కుక్కపిల్లల మాట అది). "డాలర్లెక్కడివి బిడ్డా, ఇరవైకి మూడు కట్టలు" అందామె. గంగవాయిలి కూర కొన్నది. తినలేదు, అది వేరే సంగతి. కానీ కూరగాయల సంచీ మోసే పని తప్ప నాకింకేమీ కనబడని ఆ బజారులో పిల్ల గంటన్నర తిరిగింది.

అలా ఊరు మీద పడ్డాం. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో ఊరికే వెళ్లొచ్చాం, 27 స్టేషన్లూ లెక్కపెట్టింది. వాగు ఎపిసోడ్ చూశాకే ఇబ్బంది. బ్లూయీ రాళ్ల మీద గెంతుతూ నీళ్లలో దిగుతుంది. నేను దుర్గం చెరువుకు తీసుకెళ్లాను. తీగల వంతెన, దీపాలు అన్నీ ఉన్నాయి, కాలు పెట్టే నీళ్లు లేవు. ఇంటికొచ్చేదాకా ఏడ్చింది. తప్పు బొమ్మలది కాదు, మన ఊరిది.

సిరీస్ మీద నా అసలు ఫిర్యాదు బ్యాండిట్ మీదే. వాడికి ఎప్పుడూ ఓపికే! ఆఫీసు నుంచొచ్చి సోఫాలో కూలబడితే మా ఆవిడ టీవీ వైపు చూపించి "చూసి నేర్చుకోండి" అంటుంది. ఆస్ట్రేలియా యాస కూడా మొదట్లో నాకు సగమే అర్థమైంది.

మా అమ్మకైతే ఇంగ్లీషే రాదు. అయినా బింగో కలలో గ్రహాల మధ్య తేలే 'స్లీపీటైమ్' ఎపిసోడ్ వస్తే కదలదు. అందులో మాటలు తక్కువ, ఇంగ్లండ్ స్వరకర్త హోల్‌స్ట్ 'జూపిటర్' సంగీతం ఎక్కువ. మొదటిసారి చూసినప్పుడు "ఆ సూర్యుడు తల్లే కదరా?" అంది. నాకు అప్పటిదాకా తట్టలేదు.

2024 ఏప్రిల్‌లో వచ్చిన 28 నిమిషాల ప్రత్యేక ఎపిసోడ్ 'ది సైన్' మాత్రం చిన్నపిల్లలకు పక్కన కూర్చుని చూపించండి. అందులో బ్లూయీ వాళ్ల ఇల్లు అమ్మకానికి పెడతారు. ఆ రాత్రి మా పాప నిద్రపోకుండా "డాడీ, మన ఇల్లు కూడా అమ్మేస్తావా?" అని పదిసార్లు అడిగింది. అమ్మను తల్లీ అని పదిసార్లూ ఒట్టేశాను. మేముండేది కిరాయికని దానికింకా తెలియదు.