మందులివ్వడం నేర్పే ఆదివారం క్లాసు: మారతహళ్లిలో చేరాలనుకునే నర్సింగ్ పిల్లలకి

బెంగళూరులో మారతహళ్లి వంతెనకు దగ్గర్లో, ఒక మెడికల్ షాపు పై అంతస్తులో ఆదివారాలు ఈ క్లాసు జరుగుతుంది. ఫీజు 3,000. చెప్పేది రిటైరైన ఒక సిస్టర్, కర్నూలు వైపు మనిషి. తెలుగు, కన్నడం కలిపి మాట్లాడతారు కాబట్టి మనకి ఇబ్బంది లేదు. మలయాళీ పిల్లలు మాత్రం మొదట్లో కాస్త బిక్కమొహం వేస్తారు.

సరైన పేషెంట్, సరైన మందు, సరైన డోసు, సరైన మార్గం, సరైన టైము. మందు ఇచ్చే ముందు చూసుకోవాల్సిన ఈ ఐదూ వైవా కోసం అందరం బట్టీ కొట్టినవే. ఆవిడ వాటిని బోర్డు మీద రాయనే రాయరు. ఒకమ్మాయిని మంచం మీద పడుకోబెట్టి, మనల్ని ట్రేతో పంపిస్తారు. "మీరు లక్ష్మమ్మ గారేనా?" అని అడిగామా, అయిపోయాం. "ఏమ్మా, జ్వరంతో మూలుగుతున్న మనిషి లక్ష్మమ్మ అన్నా ఊ అంటుంది, మంగమ్మ అన్నా ఊ అంటుంది" అని వెనక్కి పంపేస్తారు. "నిమ్మ హెసరు హేళి" (మీ పేరు చెప్పండి) అనాలి. పేరు పేషెంటే చెప్పాలి. ఆ తర్వాత చేతి బ్యాండు, కేస్ షీటు రెండూ కలిపి చూడాలి. ఇక్కడి వార్డుల్లో పనికొచ్చే కన్నడం నాకు ముందుగా వచ్చింది ఈ ఒక్క వాక్యమే.

నా లెక్కన ఫీజంతా ఇన్సులిన్ పాఠానికే చెల్లిపోతుంది. మన దగ్గర మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే వయల్సూ (మందు సీసాలు) ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. రెండూ మన చేతికిచ్చి 20 యూనిట్లు తీయమంటారు. 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. దాన్ని తిరగేస్తే, అంటే 40 వయల్‌ని నారింజ సిరంజితో తీస్తే, 8 యూనిట్లే. రంగునీళ్లతో చేయించారు కాబట్టి ఆ తేడా కళ్లారా చూస్తాం. పుస్తకంలో చదివినప్పుడు ఇంత భయం వేయలేదు.

డ్రిప్ లెక్కలు త్వరగానే వచ్చేస్తాయి. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో, మిల్లీలీటరుకి 20 చుక్కలు పడే సెట్ అయితే నిమిషానికి 42 చుక్కలు. మిల్లీలీటరుకి 60 చుక్కలు పడే మైక్రో సెట్‌కి లెక్కే అక్కర్లేదు, గంటకి ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు. డోసు రాసేటప్పుడు 0.5కి ముందు సున్నా మానకూడదు, 5 పక్కన చుక్కా సున్నా పెట్టకూడదు, చుక్క చెరిగితే 50 అయి కూర్చుంటుంది. పొటాషియం క్లోరైడ్ పేరెత్తితే మాత్రం ఆవిడ గొంతు మారిపోతుంది. దాన్ని ఫ్లూయిడ్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాల్సిందే, సిరంజితో నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోవచ్చు.

ఇక లోపాలు. ఇంజెక్షన్ ప్యాడ్లు చిల్లులు పడి జల్లెడలయ్యాయి. చర్మం కింద 45 డిగ్రీలు, కండలోకి 90 అని చెప్తారు గానీ ఆ ప్యాడ్ మీద సూది ఎటు గుచ్చినా ఒకటే. మధ్యాహ్నం బ్యాచ్‌లో జనం ఎక్కువ, సెలైన్ స్టాండ్ ఒక్కటే, వంతు వచ్చేసరికి టీ టైము అవుతుంది. పిల్లల డోసులు బరువుని బట్టి ఎలా కట్టాలో పైపైన చెప్పి వదిలేశారు. అన్నిటికంటే నాకు నచ్చనిది, చార్టింగ్‌ని, అంటే ఇచ్చిన మందు కేస్ షీట్లో రాయడాన్ని, చివర్లో ఇరికించడం. మందు ఇచ్చాకే సంతకం పెట్టాలి, పేషెంట్ వద్దంటే ఆ మాట కూడా కారణంతో సహా రాయాలి. డ్యూటీలో మాట పడేది అక్కడే, దానికి ఒక పూట కేటాయించొచ్చు కదా!

సెకండియర్ వాళ్లు, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లు కళ్లు మూసుకుని చేరొచ్చు. ఫైనలియర్ వాళ్లకి ఇన్సులిన్ రోజు తప్ప మిగతాది తెలిసిందే అనిపిస్తుంది. ఆ ఒక్క రోజుకి విడిగా 500 తీసుకుంటున్నారు, అడిగితేనే చెప్తారు. పొద్దున బ్యాచే తీసుకోండి.