కోత లేకుండా కణితి కరిగిస్తామన్న కేంద్రంలో ఒక పూట

మా అక్కయ్యకు రెండో దశ రొమ్ము క్యాన్సర్ అని బయాప్సీలో తేలి, శస్త్రచికిత్సకు తేదీ కూడా ఖరారయ్యాక, బంధువుల మాట కాదనలేక ఆమెను వెంటబెట్టుకొని ఒక ప్రత్యామ్నాయ చికిత్సా కేంద్రానికి వెళ్లాను. కోతలూ కీమోథెరపీ లేకుండానే కణితిని కరిగిస్తామనడం వారి ప్రచారం. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. వారు మాతో నడిపిన వ్యవహారం ఎలా ఉందో చెప్పడమే ఎక్కువ ఉపయోగమని నా ఉద్దేశం.

ముందుగా మంచి చెప్పాలి. వారు మాకు గంటన్నర సమయం ఇచ్చారు. అక్కయ్య నిద్ర గురించీ, భయాల గురించీ, పిల్లల చదువుల గురించీ ఒక్కొక్కటిగా అడిగి, ఆమె చెబుతున్నంతసేపూ అడ్డు రాకుండా విన్నారు. అంతకుముందు ఆసుపత్రిలో సర్జన్ మాతో మాట్లాడింది పది నిమిషాలైనా ఉండదు, అందులోనూ సగంసేపు ఆయన చూపు కంప్యూటర్ తెర మీదే ఉంది. "వారం రోజులుగా నా జబ్బు గురించి అడిగినవాళ్లే గాని, నా గురించి అడిగినవాళ్లు లేరురా" అని అక్కయ్య బయటికి వస్తూ అన్న మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

అయితే అంత ఓపికగా విన్న ఆ సలహాదారు మా రిపోర్టుల ఫైలును తిరగేశారే తప్ప, కణితి ముక్కను పరీక్షించి రాసిన హిస్టోపాథాలజీ నివేదిక దగ్గర ఒక్క క్షణమైనా ఆగలేదు. హార్మోన్ రిసెప్టర్లు పాజిటివా నెగటివా (అంటే కణితి హార్మోన్ల ఆసరాతో పెరిగేదా కాదా), కణాల మీది హెర్2 అనే ప్రోటీన్ ఫలితం ఏమిటి అన్నవి ఆయన అడగనే లేదు. రొమ్ము క్యాన్సర్‌కు ఏ మందు పనిచేస్తుందో తేల్చేవి ముఖ్యంగా అవే. మా ముందు కూర్చున్న వేరే జబ్బు మనిషికి రాసిన పథకమే మాకూ రాసిచ్చారు: రోజూ ఎనిమాలు, వాటితోపాటు 'విటమిన్ బి17' ఇంజెక్షన్లు.

ఈ బి17 అసలు విటమిన్ కాదు. దాని పేరు లేట్రిల్, అంటే ఆప్రికాట్ గింజల్లో ఉండే అమిగ్డలిన్‌కు సంబంధించిన పదార్థం. దానిని 178 మంది రోగుల మీద పరీక్షించిన ఫలితాలు 1982లోనే వెలువడ్డాయి. వ్యాధి నయమైనవారు గాని, చెప్పుకోదగ్గ మేలు పొందినవారు గాని అందులో కనిపించలేదు సరికదా, కొందరి రక్తంలో సయనైడ్ ప్రాణాంతక స్థాయికి దగ్గరగా చేరింది. నలభై ఏళ్ల నాటి ఆ సంగతి చెప్పగానే సలహాదారు నవ్వి, "మావి ప్రకృతి ఇచ్చినవి, వాళ్లవి రసాయనాలు" అన్నారు. అక్కయ్యకు ఆసుపత్రిలో ఎక్కించబోతున్న కీమో మందు పాక్లిటాక్సెల్‌ను మొదట వేరుచేసింది యూ చెట్టు బెరడు నుంచే. బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన మరో క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్ సంగతి సరేసరి. ఏ చెట్టు నుంచి వచ్చిందన్నది కాదు, ఎంత మోతాదులో ఎవరికి పనిచేసిందో లెక్క ఉందా అన్నదే నాకు కావలసింది.

ఆ లెక్క అడిగితే గోడ మీది ఫొటోలు చూపించారు. వాటి కింద ఊరూ పేరూ ఉన్నాయి గాని, వ్యాధి ఏ దశలో ఉందో లేదు. ఒకామె కథ పూర్తిగా చదివితే, ఇక్కడికి రాకముందే ఆమెకు శస్త్రచికిత్స జరిగిందని నాలుగో వాక్యంలో ఉంది. కీమో ఆపేయమని నోటితో చెబుతున్న ఆ మనిషే సంతకానికి ముందుకు తోసిన పత్రం అడుగున, సన్నని అక్షరాల్లో, "ఇది వైద్య చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు" అని అచ్చయి ఉంది. మేము సంతకం పెట్టలేదు.

ఇతర శరీర భాగాలకు పాకని క్యాన్సర్ ఉండి కూడా ప్రత్యామ్నాయ పద్ధతులనే నమ్ముకున్న 281 మందిని, సాధారణ చికిత్స తీసుకున్నవారితో పోల్చిన అమెరికా అధ్యయనం ఒకటి 2018లో అచ్చయింది. మొత్తం మీద మరణించే ముప్పు ప్రత్యామ్నాయాన్నే నమ్ముకున్నవారిలో రెండున్నర రెట్లు ఉండగా, రొమ్ము క్యాన్సర్ విషయంలో అది ఐదు రెట్లు దాటింది. నయం చేయగలిగిన దశలో నెలలు పోగొట్టుకోవడం ఎంత ఖరీదైనదో అక్కయ్య ఈ అంకెలు చూశాకే ఒప్పుకుంది.

ఆ తరువాత ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకొని ఆసుపత్రికి మళ్లీ వెళ్లాం. ఈసారి ఆంకాలజిస్టు (క్యాన్సర్ వైద్యుడు) అరగంట కూర్చున్నారు. జుట్టు రాలుతుందనీ, వేళ్లలో తిమ్మిర్లు కొందరికి చాలాకాలం ఉండిపోతాయనీ దాచకుండా చెప్పారు. ఆ కేంద్రంలో గంటన్నరసేపు విన్న మాటల్లో నష్టం అన్న ఊసే లేదు. ధ్యానం, యోగా చేసుకోవచ్చని ఆంకాలజిస్టు అన్నారు. హార్మోన్ మాత్రలతో వచ్చే కీళ్ల నొప్పులకు ఆక్యుపంక్చర్‌ను వైద్య మార్గదర్శకాలే సూచిస్తున్నాయన్నారు. మూలికలు మాత్రం తనకు చెప్పకుండా వాడవద్దన్నారు, ఎందుకంటే సెయింట్ జాన్స్ వోర్ట్ వంటివి కొన్ని కీమో మందుల స్థాయిని రక్తంలో తగ్గించేస్తాయి.

శస్త్రచికిత్స అయింది, పాక్లిటాక్సెల్ ఏడో వారం నడుస్తోంది. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం అక్కయ్యకు కష్టంగానే ఉంది. ఆ కేంద్రం నుంచి ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయి. మొన్న కూడా ఆమె క్షేమం ఆప్యాయంగా అడిగారు గాని, కణితి ఏ రకమో ఈసారీ అడగలేదు.